గొంతు బొంగురుపోయిన మనిషిని ఏమడగాలి?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా కొద్ది మార్పులతో ఇస్తున్నాం.)

'పైపై సమాధానాల కాలంలో లోతైన అవగాహన' అనే విషయం మీద మాట్లాడమన్నారు నన్ను. అంత పెద్ద మాటలకు నేను సరిపోనని ముందే చెప్పాను. నాకు తెలిసిందల్లా ఒక చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, బల్లకు అవతల కూర్చునే ఆడమనిషి. ఇరవై ఏళ్లకు పైగా నేను బల్లకు ఇవతల కూర్చుంటున్నాను. అందుకని ఆ గదిలోంచే మాట్లాడతాను. అక్కడక్కడా దారి తప్పితే ఏమీ అనుకోకండి.

ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఒక సోమవారం ఒకామె మా కేంద్రానికి వచ్చింది. ముప్పై లోపు వయసు. చంకలో పిల్ల. రేషన్ కార్డులో తన పేరు, పిల్ల పేరు విడదీసి అమ్మగారింటి అడ్రసుకు మార్పించుకోవాలంట, ఏమేం కాగితాలు కావాలని అడిగింది. గొంతు బొంగురుగా ఉంది. మాటకీ మాటకీ మధ్య ఆగి మింగుతోంది. "జలుబు చేసిందా అమ్మా?" అన్నాను. "అవునక్కా" అంది. మంచినీళ్లిచ్చాను. కాగితాల జాబితా రాసిచ్చాను. మీసేవలో ఎన్ని గంటలకు వెళితే రద్దీ ఉండదో కూడా చెప్పాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. ఆమె దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. నేను రిజిస్టరు తీసి 'సమాచారం ఇచ్చాము, పరిష్కారమైంది' అని రాసుకున్నాను. ఆ నెల నివేదికలో పరిష్కారమైన కేసుల గడిలో ఆమె కూడా ఒక అంకె.

పదకొండో రోజున ఆమెను పెద్దాసుపత్రిలో చూశాను. ఎడమ చెయ్యి లేవడం లేదు. మూతి ఒక పక్కకు లాగేసింది. ఇంత చిన్న వయసులో పక్షవాతమేమిటని వాళ్ల అమ్మ తలబాదుకుంటోంది, ఎవరో చేతబడి చేశారంటోంది. డాక్టరమ్మ మెల్లగా అడగ్గా అడగ్గా బయటికొచ్చింది. మా దగ్గరికి రావడానికి రెండు రోజుల ముందు రాత్రి మొగుడు ఆమె మెడ పట్టుకుని గోడకు ఆనించాడు. మెడలో రక్తనాళం లోపలి పొర చిరిగింది. అక్కడ నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ కొన్ని రోజుల తర్వాత మెదడుకు వెళ్లింది.

ఆమె బతికింది. చెయ్యి కూడా చాలావరకు తిరిగొచ్చింది. తర్వాత ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను, ఆ రోజు నాకెందుకు చెప్పలేదమ్మా అని. నిష్ఠూరమేమీ లేకుండా, మామూలుగా అంది: "జలుబా అని మీరే అన్నారు గదక్కా. నేను అవునన్నాను."

ఆ మాట మీద నేను చాలాకాలం ఆలోచించాను. నేనిచ్చిన సమాధానంలో తప్పేమీ లేదు. కాగితాల జాబితా సరైనదే, ఆఫీసు సరైనదే. అడిగినదానికి అడిగినంత మేరకు చెప్పాను. కానీ ఆడది రేషన్ కార్డు అడ్రసు పుట్టింటికి ఎందుకు మార్పిస్తుంది? ఇల్లు విడిచి పోదామనుకున్నప్పుడు మార్పిస్తుంది. అంటే ఆమె నన్ను అడగకుండానే నాకు చెప్పింది, గొంతుతో ఒకసారి, రేషన్ కార్డుతో ఒకసారి. రెండుసార్లూ నేను వినలేదు. పైగా ప్రశ్నలోనే జవాబు పెట్టి ఆమె నోటికి అందించాను.

ఇప్పుడు మన చేతుల్లో ఫోన్లున్నాయి. ఏది అడిగినా క్షణంలో తెలుగులో జవాబు చెప్పే ఏఐ వచ్చింది. నేను దాన్ని తిట్టడానికి ఇక్కడ నిలబడలేదు. రేషన్ కార్డు సంగతి దాన్నడిగితే నాకంటే శుభ్రంగా జాబితా ఇస్తుంది. ఆ రోజు నేను చేసిన పని అది చేసేదే. అంటే ఆ రోజు నేను మిషన్ లాగే పనిచేశాను, కాస్త నెమ్మదిగా.

ఫోన్ ఉపయోగాలు నాకూ తెలుసు. 2024 జులై 1 నుంచి కొత్త నేరాలకు భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మనం నలభై ఏళ్లు నోటికి చెప్పుకున్న 498-ఎ స్థానంలో 85, 86 సెక్షన్లు వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగినవాటికి పాత సెక్షనే. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడానికి నా బుర్ర చాలదు, చూసుకుంటాను. పుట్టింటికి వచ్చేసిన ఆమెను స్టేషన్‌లో 'మీ అత్తగారి ఊరి స్టేషన్‌కు పో' అని తిప్పి పంపుతుంటే, 2019లో సుప్రీంకోర్టు రూపాలీ దేవి కేసులో ఆశ్రయం పొందిన చోట కూడా కేసు పెట్టవచ్చని చెప్పిందని చూపించడానికి ఫోన్ పనికొస్తుంది. ఎస్సైగారి ముఖం మీద తీర్పు పెడితే కొంత తేడా ఉంటుంది కదా. (నవ్వులు)

నా బాధ వేరే. ఫోన్ అడిగినదానికి జవాబు చెప్తుంది. మన దగ్గరికి వచ్చే స్త్రీ తన అసలు ప్రశ్నను మొదట అడగదు. పింఛను అడుగుతుంది, పిల్ల ఆధార్ అడుగుతుంది, నడుం నొప్పికి ఏ డాక్టరు మంచివాడని అడుగుతుంది. లేచి వెళ్లిపోతూ, గడప దగ్గర చెప్పు తొడుక్కుంటూ అసలు మాట అంటుంది. ఆ చెప్పు తొడుక్కునే సమయం కోసం కూర్చోవడమే మన పని. నేను ఇప్పుడు ఎవరు లేచినా గడప దాకా వెళ్లి సాగనంపుతాను. మర్యాద అనుకుంటారు, మర్యాద ఒక్కటే కాదు.

ఇక్కడ ఒక అంకె చెప్తాను. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది సహాయం కోరలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సహాయం కోరినవాళ్లు 14 శాతమే. ఏఐ నేర్చుకునేది మనుషులు రాసినదాంట్లోంచి. నూటికి డెబ్బై ఏడు మంది తోబుట్టువుకు కూడా చెప్పని సంగతి ఏ పుస్తకంలో ఉంటుంది? అది ఆమె గొంతులో ఉంటుంది, కూర్చునే తీరులో ఉంటుంది, పిల్ల ఏడిస్తే ఉలిక్కిపడడంలో ఉంటుంది. దాన్ని చదవగలిగేవాళ్లు ఎదురుగా కూర్చున్నవాళ్లే.

అయితే ఊరికే ఎదురుగా కూర్చుంటే చదవడం వస్తుందా? రాదు. నాకు అప్పటికే పదేళ్ల అనుభవముంది, అయినా జలుబన్నాను.

ఆ సంఘటన తర్వాత మెడ పట్టుకోవడం గురించి చదివాను, డాక్టర్ల దగ్గర కూర్చుని అడిగాను. మీరు ఇవి రాసుకోండి. అమెరికాలో శాన్ డియాగో నగరంలో పోలీసుల దగ్గరికి వచ్చిన 300 గొంతు నులిమిన కేసులు తీసి చూశారు. ఆ పరిశీలన 2001లో అచ్చయింది. అందులో సగం మందికి పైకి కనిపించే గుర్తే లేదు. మరెంతోమందికి ఉన్న గుర్తు ఫోటోలో పడనంత స్వల్పం. 2008లో అచ్చయిన ఇంకో పరిశోధన ప్రకారం, భర్త లేదా సహచరుడు ఒకసారి గొంతు నులిమి ఉంటే, తర్వాత అతని చేతిలోనే ఆమె చనిపోయే ప్రమాదం ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. ఇవి అక్కడి లెక్కలు. కానీ మెడలోని రక్తనాళం ఏ దేశంలోనైనా ఒకటే. గొంతు బొంగురుపోవడం, మింగుడు పడకపోవడం, కంటి తెల్లగుడ్డు మీద సూదిమొనలంత ఎర్రచుక్కలు, తల తిరగడం, కాసేపు ఏమైందో గుర్తులేకపోవడం - ఇవి ఉంటే కాగితం కలం పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. గాయం లేదు కదా అనుకోవద్దు. పక్షవాతం రోజుల తర్వాత కూడా రావచ్చు.

ఇది పుస్తక జ్ఞానం. ఫోన్ కూడా చెప్తుంది. ఇక మన గదిలో తెలిసింది చెప్తాను.

'గొంతు నులిమాడా?' అని అడిగితే 'లేదు' అంటారు. అబద్ధం కాదు. వాళ్ల లెక్కలో గొంతు నులమడం అంటే చంపడం. తాము బతికే ఉన్నారు కదా! వాళ్ల మాటలు వేరు. 'నొక్కలేదక్కా, ఊరికే పట్టుకున్నాడు' అంటారు. 'గోడకి ఆనించాడు', 'చున్నీ పట్టి లాగాడు', 'మోచెయ్యి అడ్డం పెట్టాడు', 'అరవకుండా దిండు పెట్టాడు' అంటారు. 'కాసేపు నాకేం తెలవలా' అంటారు. ఈ చివరి మాట విన్నప్పుడు మీ వీపున చలి పుట్టాలి. అన్నిటికంటే ఆఖరున, ఒక్కోసారి రెండో మూడో రాకలో చెప్పేది 'చీర తడిసిపోయింది' అని. మెదడుకు నెత్తురు ఆగితే మూత్రం దానంతటది పోతుంది. ఆమెకు అది సిగ్గు. డాక్టరుకు అది ప్రాణం మీదికి వచ్చిందనడానికి గుర్తు. ఆమె సిగ్గుపడి దాచుకున్నదే అన్నిటికంటే పెద్ద సాక్ష్యం.

ఫిర్యాదు రాసేటప్పుడు ఈ మాటలే రాయాలి. 'నా భర్త నన్ను కొట్టినాడు' అని రాస్తే కొట్లాట కింద 115(2) వేసి, పిలిచి సర్దిచెప్పి పంపిస్తారు. 'రెండు చేతులతో మెడ పట్టుకున్నాడు, ఊపిరాడలేదు, కళ్లు బైర్లు కమ్మాయి, తెలివి తప్పింది, చీర తడిసింది' అని రాస్తే అది హత్యాయత్నం దాకా, 109వ సెక్షన్ దాకా పోతుంది. సంఘటన ఒకటే. రాసేవాళ్లు అడిగారా లేదా అన్నదే తేడా.

గుర్తులు లేవన్న మాట మనకు కొత్త కాదు. 1972లో మహారాష్ట్రలో దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ బాలిక మీద పోలీసులు అత్యాచారం చేశారు. 1978లో సుప్రీంకోర్టు వాళ్లను వదిలిపెట్టింది. ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు, కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకుంది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు - ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ - ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అన్నారు. దేశమంతటా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. పోలీసు నిర్బంధం లాంటి చోట్ల జరిగిన అత్యాచారం కేసుల్లో, తాను ఒప్పుకోలేదని ఆమె చెబితే ఒప్పుకోలేదనే కోర్టు భావించాలని సాక్ష్య చట్టంలో చేర్చారు. రాత్రిపూట, పోలీస్ స్టేషన్లో, ఖాకీ బట్టల ముందు ఒక ఆదివాసీ పిల్ల ఎలా నిలబడి ఉంటుందో న్యాయమూర్తులకు తెలియలేదు. మన దేశంలో ఏ పల్లెలో ఏ కూలి స్త్రీని అడిగినా చెప్పి ఉండేది. తెలిసినవాళ్లు అడగబడలేదు, అడగబడినవాళ్లకు తెలియలేదు. ఆ రోజు చేసిన ఆ పని నేను జలుబన్న రోజున చిన్న ఎత్తున చేశానని నాకనిపిస్తుంది.

సరే. తర్వాత మేమేం చేశామంటే, అందరూ చేసే పనే, ఒక ఫారం తయారుచేశాం. ఇరవై ప్రశ్నలు, అవును-కాదు గడులు. మొదటి నెల బాగానే ఉంది. ఆరు నెలలు తిరిగేసరికి మా కార్యకర్తలు తలెత్తకుండా టిక్కులు పెడుతున్నారు. "గొంతు నులిమాడా అవునా కాదా, కిరసనాయిలు పోశాడా అవునా కాదా" - రేషన్ షాపులో సరుకుల పేర్లు చదివినట్టు. జవాబులన్నీ 'లేదు', 'లేదు'. పైపై సమాధానాలు ఫోన్‌లోంచే వస్తాయనుకోకండి. మనం తయారుచేసిన కాగితంలోంచి కూడా వస్తాయి.

అప్పుడు ఒక డాక్టరు స్నేహితురాలు జాక్వెలిన్ కాంప్‌బెల్ పద్ధతి గురించి చెప్పింది. ఆమె అమెరికాలో నర్సు. 1980ల్లో, భర్త చేతిలో చనిపోయే ప్రమాదం ఎవరికి ఎంత ఉందో అంచనా వేసే పద్ధతి ఒకటి తయారుచేసింది. అందులోనూ ఇరవై ప్రశ్నలున్నాయి. కానీ ప్రశ్నల కంటే ముందు ఒక క్యాలెండరు ఉంది. గడిచిన ఏడాది క్యాలెండరు ఆమె ముందు పెట్టి, ఏయే రోజుల్లో కొట్టాడో, ఎంతగా కొట్టాడో ఆమె చేతనే గుర్తులు పెట్టిస్తారు. 'ఈ మధ్య ఎక్కువైందా?' అని అడిగితే మొదట లేదన్న స్త్రీలు చాలామంది, గుర్తులు పెట్టాక తమ జవాబు మార్చుకున్నారు.

మేం అలాగే క్యాలెండరు పెట్టాం. కుదరలేదు. మన ఆడవాళ్లకు మార్చి, ఏప్రిల్ అంటే గుర్తురాదు. 'సంక్రాంతికి పుట్టింటికి వెళ్లొచ్చాక', 'నాట్లప్పుడు', 'రంజాన్ నెలలో మూడో వారం', 'చిన్నోడికి పురుడొచ్చిన ఇరవయ్యో రోజు', 'మిర్చికోతల డబ్బులు వచ్చిన రోజు', ఇలా గుర్తుంటుంది. ఒకామె అయితే తన ఇంటి గోడ మీది క్యాలెండరే తెచ్చింది. కిరాణా కొట్టు వాళ్లు సంవత్సరాదికి ఇస్తారే, అది. పాల లెక్క అందులోనే, గ్యాస్ బండ వచ్చిన తేదీ అందులోనే, నెలసరి తేదీ అందులోనే. పాలు తీసుకోని రోజుల మీద సున్నా చుట్టి ఉంది. "ఆ రోజులు పాలెందుకు పోయించుకోలేదు?" అని అడిగాం. "మొఖం వాచిపోయి ఉంటే గుమ్మంలోకి ఎట్టా వస్తానక్కా" అంది. ఆ సున్నాలు లెక్కపెట్టాం. ఏడాది మొదట్లో నెలకు ఒకటి. దసరా తర్వాత వారానికి ఒకటి. ఆమె ఆ కాగితం వంక చూసి చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలవనే తెలవదే ఇట్టా పెరుగుతోందని" అంది.

ఇప్పుడు మా దగ్గర ఇరవై ప్రశ్నలూ ఉన్నాయి, కానీ కాగితం బల్ల మీద ఉండదు, బుర్రలో ఉంటుంది. బల్ల మీద క్యాలెండరు ఉంటుంది. పాల లెక్కతో మొదలుపెడతాం.

ఇక రెండో విషయం. 'అనుభవం ఉన్నవాళ్లకు చూడగానే తెలిసిపోతుంది' అంటారు. నేనూ అనేదాన్ని. దీని గురించి ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి 2009లో ఒక వ్యాసం రాశారు, డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్. క్లైన్ అగ్నిమాపక దళాల నాయకులను దగ్గరుండి చూసినవాడు, మంటల్లో వాళ్లకు చప్పున తోచేది నిజంగా జ్ఞానమేనని నమ్మినవాడు. కానెమన్ అలాంటి తోచుబాట్లను అనుమానించినవాడు. ఇద్దరూ ఏళ్లపాటు వాదించుకుని ఒక దగ్గరికి వచ్చారు. తోచింది నమ్మదగినది కావాలంటే రెండు ఉండాలి. పనిచేసే చోట ఎంతో కొంత క్రమం ఉండాలి. రెండోది, మనకు తోచింది ఒప్పో తప్పో మనకు తెలిసిరావాలి. తెలిసిరాకపోతే ఇరవై ఏళ్లు చేసినా అది మొదటి ఏడాది అనుభవమే ఇరవైసార్లు.

ఇది చదివాక నేను కొంచెం భయపడ్డాను. మన దగ్గర కేసు 'పరిష్కారం' అని రాసి మూసేస్తాం. ఆమె తర్వాత ఏమైందో ఎంతమంది విషయంలో మనకు తెలుసు? రేషన్ కార్డు ఆమెను ఆ రోజు ఆసుపత్రిలో అనుకోకుండా చూశాను కాబట్టి నా తప్పు నాకు తెలిసింది. చూడకపోతే? ఆమె ఇప్పటికీ నా రిజిస్టర్లో పరిష్కారమే.

అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టాం. ఎడమ పేజీలో, ఆమె వెళ్లిన వెంటనే, మాకు తోచింది రాస్తాం. 'తిరిగి వెళ్లిపోతుంది', 'మళ్లీ కొడతాడు', 'అత్తగారు అసలు సమస్య', 'ఏదో దాస్తోంది'. కుడి పేజీ ఖాళీగా వదులుతాం. మూడు నెలలకు ఒకసారి మనిషిని పంపో, వెళ్లో, ఫోన్ క్షేమమనుకుంటే ఫోన్ చేసో కనుక్కుని కుడి పేజీ నింపుతాం. ఫోన్ క్షేమమనుకుంటే అన్నాను. ఆమె ఫోన్ రాత్రి ఎవరి దిండు కింద ఉంటుందో కనుక్కోకుండా మెసేజ్ పెట్టకండి. ఫోన్‌ను సలహా అడిగి, చెరపడం మరిచిపోయి, ఆ సలహాకే దెబ్బలు తిన్న అమ్మాయి మా దగ్గరికి వచ్చింది.

నోటుబుక్కు నాకు ఇబ్బందికరమైన సంగతులు చెప్పింది. 'ఈమె తిరిగి వెళ్లదు, గట్టిమనిషి' అని నేను రాసినచోట ఎక్కువసార్లు తప్పాను. 'మెత్తటిది, సర్దుకుపోతుంది' అని రాసినవాళ్లలో కొందరు ఒక రాత్రి పిల్లల్ని తీసుకుని బస్సెక్కేశారు. నేను గట్టిదనమని చూస్తున్నది ఏమిటి? స్పష్టంగా మాట్లాడడం, కళ్లలోకి చూడడం, చదువు. అంటే నాలాగా ఉండడం.

మరొకటి. ఒకామె వచ్చి గదిలో నిలబడే అరిచింది. మొగుణ్ణి, పోలీసుల్ని, మమ్మల్ని కూడా తిట్టింది. దళితవాడ నుంచి వచ్చింది. నేను ఎడమ పేజీలో 'నోరున్న మనిషి, తనను తాను కాపాడుకోగలదు' అని రాశాను. మాతో పనిచేసే దళిత కార్యకర్త ఆ పేజీ చదివి, "అక్కా, ఆమె నోరుంది కాబట్టి ఇంతదాకా బతికింది. నోరుంది కాబట్టి ప్రమాదం లేదని మీకెట్లా తోచింది? మా ఆడోళ్లు అరిస్తే మీకు భయమేయదు, మీ ఆడోళ్లు ఏడిస్తే భయమేస్తుంది" అంది. ఆ సాయంత్రమే ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. వెళ్లడం మంచిదైంది, అంతవరకే చెప్తాను. మనకు చప్పున తోచేదాంట్లో అనుభవం ఎంతో, కులం ఎంతో, మతం ఎంతో ఒక్కళ్లే కూర్చుని తేల్చుకోలేం. బురఖా చూడగానే తోచే కథ ఒకటుంటుంది, పట్టుచీర చూడగానే తోచేది ఒకటుంటుంది. అందుకే ఆ నోటుబుక్కు ఎవరి సొంతమూ కాదు. శుక్రవారం మధ్యాహ్నం అందరం కూర్చుని చదువుతాం. ఒకరి పేజీని ఇంకొకరు చదువుతారు. మొదట్లో కోపాలొచ్చాయి, రెండు వారాలు నేనే మొఖం ముడుచుకుని తిరిగాను.

ఇదేమీ మా కనిపెట్టుడు కాదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గర కూర్చుని విని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. పోరాటం ముగిసి ముప్పై ఏళ్లు దాటింది అప్పటికి. ఆ స్త్రీలకు అంతకాలమూ చెప్పడానికి ఉంది, అడిగేవాళ్లే లేరు. 1991లో అన్వేషి వాళ్లు 'సవాలక్ష సందేహాలు' తెచ్చారు. అది కూడా ఆడవాళ్లు ఒకచోట కూర్చుని తమ ఒంటి గురించి మాట్లాడుకుని, డాక్టర్లను నిలదీసి రాసుకున్నదే. అప్పట్లో మాకు సమాచారం తక్కువ. ఒక తీర్పు ప్రతి కావాలంటే హైదరాబాదులో ఉన్న లాయరుకు ఉత్తరం రాసి నెల ఆగేవాళ్లం. ఆ కాలం మంచిదని నేననను, ఆ నెలలో ఎంతమంది దెబ్బలు తిన్నారో. కానీ జవాబు త్వరగా దొరకదు కాబట్టి ప్రశ్న చుట్టూ ఎక్కువసేపు కూర్చునేవాళ్లం.

ఇక అసలు సంగతికి వస్తాను. మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మాకు డబ్బిచ్చే ఒక సంస్థ ఈ మధ్య ఒక ప్రతిపాదన తెచ్చింది. మండల కేంద్రాల్లో కూర్చునే కార్యకర్తలను తగ్గించి, వాళ్ల స్థానంలో ఫోన్‌లో జవాబు చెప్పే ఏర్పాటు పెడదామని. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, అలిసిపోదు, వెయ్యిమందికి ఒకేసారి చెప్తుంది అన్నారు. అన్నీ నిజమే. అర్ధరాత్రి రెండింటికి నేను నిద్రపోతాను, అది నిద్రపోదు. దాన్ని వద్దనడం నాకు సబబనిపించలేదు. మేం అన్నది ఒకటే. అది పెట్టండి, మనిషిని తీయకండి. ఫారాలు, సెక్షన్లు, అడ్రసులు, 181 నంబరు, సఖి కేంద్రం ఎక్కడుందో అది చెప్పనివ్వండి. అలా మిగిలిన సమయాన్ని కుర్చీలో కూర్చోవడానికి మాకివ్వండి. వాళ్లు అడిగిన ప్రశ్న: "మీరు కూర్చోవడం వల్ల ఫలితం ఎంత, అంకెల్లో చూపించగలరా?"

కొంతవరకే చూపించగలం. మా నోటుబుక్కు కుడి పేజీలు చూపించాం, పేర్లు తీసేసి. ఎక్కడ తప్పామో కూడా చూపించాం. ఆ తప్పుల్ని చూసి డబ్బు ఆపేస్తారేమోనని మాలో కొందరు వద్దన్నారు. నేను చూపిద్దామన్నవాళ్లలో ఉన్నాను. తప్పులు తెలిసిరాని చోట నేర్చుకోవడం ఉండదని చెప్పడానికి వెళ్లి, తప్పులు దాచి ఎలా వస్తాం? ఏం నిర్ణయిస్తారో ఇంకా తెలియలేదు. వచ్చే త్రైమాసికానికి తెలుస్తుందన్నారు. మీ మీ సంస్థలకు కూడా ఈ ప్రతిపాదన వచ్చినా రాకపోయినా, వస్తుందనుకునే మాట్లాడుకోవాలి.

ఈలోగా మన చేతిలో ఉన్నవి చేసుకోవచ్చు. కొత్త కార్యకర్తను మొదటి మూడు నెలలు పాతామె పక్కన కూర్చోబెట్టండి, మాట్లాడనివ్వకండి, విననివ్వండి. ప్రతి గంటా ఏం విన్నావని అడగండి. ఆరు నెలలకోసారి మనుషుల్ని మండలాలు మార్చడం మానండి. ఆ ఊరి సారా అమ్మేవాడెవరో, ఏ కాంట్రాక్టరు ఎప్పుడు కూలి డబ్బులిస్తాడో, ఏ పెద్దమనిషి రాజీ కుదిర్చితే ఆ ఆడది ఆర్నెల్లలో మళ్లీ ఆసుపత్రిలో ఉంటుందో తెలుసుకోవడానికి ఏళ్లు పడుతుంది. మనిషిని మారిస్తే అదంతా ఆమెతోపాటు బస్సెక్కిపోతుంది. నివేదికలో 'పరిష్కారం' గడి తీసేయమని నేను చాలాసార్లు అడిగాను, తీయరు. పక్కన ఇంకో గడి పెట్టించాం, 'మూడు నెలల తర్వాత' అని. అది ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉందని అడిగేవాళ్లు ఇప్పుడు ఒకరిద్దరు తయారయ్యారు.

ఎవరైనా 'జలుబు చేసిందా' అని అడగొద్దంటే మరేమని అడగాలక్కా అని పొద్దున ఒక అమ్మాయి అడిగింది. "గొంతు ఎందుకట్లా ఉంది?" అని అడుగు. అని ఊరుకో. నువ్వు ఊరుకున్నంతసేపు ఆమెకు చోటు దొరుకుతుంది. 'ఏం లేదక్కా' అంటే కూడా వెంటనే కాగితాల సంగతిలోకి దిగిపోకు. పిల్లకు బిస్కట్టివ్వు. కాసేపాగి ఇంకోసారి అడుగు.

భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుందాం. కిరాణా కొట్ల నుంచి నిరుటి క్యాలెండర్లు ముప్పై దాకా పోగుచేసి తెచ్చాను, అటు మూలన ఉన్నాయి. తలా ఒకటి తీసుకోండి, పెన్సిలు కూడా. ఇంకొకరి చేత గుర్తులు పెట్టించే ముందు మీ సొంత సంవత్సరం మీద మీరు పెట్టుకుని చూడండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.